పదునైన ఆరంభంతో డ్రా అయిన చదరంగపు ఆటను చదవడం ఎలా

చదరంగంలో డ్రా అయిన ఆటలను చాలామంది పక్కన పెట్టేస్తారు. టోర్నమెంటు పట్టికలో చెరి అరపాయింటు కనబడగానే అక్కడ పోరు జరగలేదని అనుకోవడం పరిపాటి. పది పన్నెండు ఎత్తులు ఆడి చేతులు కలిపి లేచిపోయిన ఆటల విషయంలో ఆ అభిప్రాయం నిజమే కావచ్చు. అయితే మొదటి పది ఎత్తుల్లోనే పావులను బలి ఇచ్చి, రాజును బోర్డు మధ్యకు లాగి, ఏ ఒక్కరు తడబడినా మేట్ తప్పదన్న స్థితికి చేరి, ఆ తరువాత డ్రాగా ముగిసిన ఆట సంగతి వేరు. అక్కడ గెలుపు ఎవరికీ దక్కకపోవడానికి ఒక కారణం ఉంటుంది. ఆ కారణాన్ని ఎత్తు ఎత్తునా వెతికి పట్టుకోవడమే ఆ ఆటను చదవడం. గెలిచిన ఆటలో ఓడినవారి పొరపాటు ఒక్కటి దొరికితే ఫలితం అర్థమైపోతుంది. డ్రా అయిన ఆటలో అటువంటి దగ్గరి దారి ఉండదు. ఇద్దరూ ఎందుకు పక్కకు తొలగలేకపోయారో చివరివరకూ అడుగుతూ పోవాలి. లెక్క చూసే శక్తిని పెంచుకోదలచిన విద్యార్థికి ఇంతకంటే మంచి సాధన లేదని నా గట్టి నమ్మకం.

ఈ పద్ధతిని చూపడానికి 1872లో వియన్నా నగరంలో కార్ల్ హాంపె, ఫిలిప్ మైట్నర్ ఆడిన ఆటను తీసుకుంటున్నాను. ‘అమర డ్రా’ అని పేరు పడిన ఆట ఇది. హాంపె ఆస్ట్రియా ప్రభుత్వంలో ఉన్నతోద్యోగి. ఇప్పుడు మనం వియన్నా గేమ్ అని పిలిచే ఆరంభాన్ని శ్రద్ధగా పరిశోధించి ఆడినవాడు. మైట్నర్ న్యాయవాది. అణు విచ్ఛిత్తిని వివరించిన భౌతిక శాస్త్రవేత్త లీజ మైట్నర్ ఆయన కుమార్తె. ఈ ఆట జరిగిన ఆరేళ్లకు ఆమె పుట్టింది. ఆట మొత్తం 18 ఎత్తులే. అంత చిన్న ఆటను ఎంచుకోవడానికి కారణం ఉంది: సాధన మొదలుపెట్టేవారు ఆటను మొదటి నుంచి చివరి దాకా చూడకుండా గుర్తుపెట్టుకోగలగాలి. అరవై ఎత్తుల డ్రాతో మొదలుపెడితే సగంలోనే ఓపిక సన్నగిల్లుతుంది.

బోర్డు, పావులు, నోటు పుస్తకం

తెరమీద కాకుండా చెక్క బోర్డు మీదనో, మడతపెట్టే ప్లాస్టిక్ బోర్డు మీదనో పావులు పేర్చుకోండి. తెరమీద ఎత్తులు గబగబా ముందుకు జరిగిపోతాయి. చేతితో పావు కదిపినప్పుడు ఆ పావు ఏ గడిని వదిలిపెట్టిందో కూడా మనసుకు తడుతుంది. ఈ ఆటలో వదిలిపెట్టిన గడులకే ఎక్కువ విలువ ఉంది. వీలైతే రెండో బోర్డు కూడా పక్కన ఉంచుకోండి. ఒకదాని మీద ఆట జరిగిన క్రమం ఉంటుంది, రెండోదాని మీద పక్కదారులు పరీక్షించవచ్చు. పక్కదారి చూసి వెనక్కి వచ్చేటప్పుడు ఒక బంటు తప్పు గడిలో పడి, అక్కడి నుంచి లెక్కంతా తారుమారు కావడం తరచుగా జరుగుతుంది.

ఈ వ్యాసంలో బిషప్‌ను శకటు అని, రూక్‌ను ఏనుగు అని, క్వీన్‌ను మంత్రి అని రాస్తున్నాను. నిలువు వరుసలకు తెలుపు ఎడమచేతి వైపు నుంచి ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్, జీ, హెచ్ అని పేర్లు. పావు పేరు లేకుండా గడి పేరు మాత్రమే రాస్తే అది బంటు ఎత్తు. ప్రతి సంఖ్య తరువాత మొదటిది తెలుపు ఎత్తు, రెండోది నలుపు ఎత్తు. తెల్లపావులు హాంపెవి.

1. ఈ4, ఈ5. 2. గుర్రం సీ3, శకటు సీ5. 3. గుర్రం ఏ4, శకటు ఎఫ్2 బంటును కొట్టి చెక్. 4. రాజు ఎఫ్2 శకటును కొట్టాడు, మంత్రి హెచ్4 చెక్. 5. రాజు ఈ3, మంత్రి ఎఫ్4 చెక్. 6. రాజు డీ3, డీ5. 7. రాజు సీ3, మంత్రి ఈ4 బంటును కొట్టింది. 8. రాజు బీ3, గుర్రం ఏ6. 9. ఏ3, మంత్రి ఏ4 గుర్రాన్ని కొట్టి చెక్. 10. రాజు ఏ4 మంత్రిని కొట్టాడు, గుర్రం సీ5 చెక్. 11. రాజు బీ4, ఏ5 చెక్. 12. రాజు సీ5 గుర్రాన్ని కొట్టాడు, రెండో గుర్రం ఈ7. 13. శకటు బీ5 చెక్, రాజు డీ8. 14. శకటు సీ6, బీ6 చెక్. 15. రాజు బీ5, గుర్రం సీ6 శకటును కొట్టింది. 16. రాజు సీ6 గుర్రాన్ని కొట్టాడు, శకటు బీ7 చెక్. 17. రాజు బీ5, శకటు ఏ6 చెక్. 18. రాజు సీ6, శకటు బీ7 చెక్. ఇక్కడ డ్రా.

మొదటిసారి ఆడేటప్పుడు ఆలోచించవద్దు

మొదటి విడతలో ఎత్తులను వరుసగా ఆడండి, అంతే. ఎక్కడా ఆగి మెరుగైన ఎత్తు వెతకవద్దు. ఆట ఎటు పోయిందో కన్ను ముందు చూడాలి. ఈ ఆటలో కన్ను చూడవలసింది తెల్లరాజు ప్రయాణం: ఈ1 నుంచి ఎఫ్2, ఈ3, డీ3, సీ3, బీ3, అక్కడి నుంచి ఏ4, బీ4, సీ5, చివరకు బీ5, సీ6 గడుల మధ్య తిరుగుడు. తెలుపు ఆడిన 18 ఎత్తుల్లో 12 రాజువే.

ఆట ముగిసిన స్థితి దగ్గర మాత్రం చాలాసేపు ఆగండి. తెలుపు మంత్రి డీ1లో ఉంది. ఏనుగులు ఏ1, హెచ్1లో ఉన్నాయి. మిగిలిన శకటు సీ1లో, మిగిలిన గుర్రం జీ1లో ఉన్నాయి. బీ, సీ, డీ, జీ, హెచ్ బంట్లు రెండో వరుస దాటలేదు. అంటే రాజును, ఏ3 బంటును మినహాయిస్తే తెలుపుకు మిగిలిన ప్రతి పావూ ఆట మొదలైనప్పుడు ఉన్న గడిలోనే ఉంది! నలుపు చేతిలో రెండు ఏనుగులు, ఒక శకటు, ఎనిమిది బంట్లు మాత్రమే ఉన్నాయి. పావుల లెక్క ప్రకారం తెలుపుకు ఒక మంత్రి, ఒక గుర్రం ఎక్కువ. నలుపుకు రెండు బంట్లు ఎక్కువ. అంత ఆధిక్యం ఉండీ తెలుపు గెలవలేదు. కారణం ఇప్పుడు బోర్డు మీదే కనబడుతున్నది: ఎక్కువగా ఉన్న ఆ పావులకు కదిలే తీరిక ఒక్క ఎత్తుకైనా దొరకలేదు. డ్రా అయిన ఏ పదునైన ఆటనైనా తీసుకుని ముందు ముగింపు స్థితిలో ఈ రెండు లెక్కలూ వేయండి. ఎవరికి ఎంత ఎక్కువ ఉంది, ఆ ఎక్కువైనది ఎక్కడ నిలబడి ఉంది అన్నవి తెలిస్తే తరువాతి విడతలో ఏం వెతకాలో తేలిపోతుంది.

రెండో విడత: ప్రతి ఎత్తు వెనుకా ఉన్న బెదిరింపు

ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి ఆడుతూ, ప్రతి ఎత్తు దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి: ఎదుటివారు ఈసారి ఏమీ ఆడకుండా ఊరుకుంటే తరువాత ఏం జరుగుతుంది? జవాబును ఒక్క వాక్యంలో నోటు పుస్తకంలో రాయండి. ఊహ కాదు, గడుల పేర్లతో రాయాలి.

మూడో ఎత్తులో హాంపె గుర్రాన్ని ఏ4కు పంపి సీ5 శకటును తరిమాడు. అంచున నిలిచిన ఆ గుర్రానికి రక్షణ లేదు. ఆటలో తరువాత జరిగినదంతా ఆ గుర్రం చుట్టూనే తిరిగింది. మైట్నర్ శకటును బలి ఇచ్చి మంత్రిని హెచ్4కు తెచ్చినప్పుడు తెలుపు జీ3 బంటుతో అడ్డుపెట్టవచ్చు కదా అనిపిస్తుంది. అడ్డుపెడితే నల్ల మంత్రి ఈ4 బంటును కొడుతుంది. ఆ గడి నుంచి అది ఒకవైపు హెచ్1 ఏనుగును, మరోవైపు ఏ4 గుర్రాన్ని ఒకేసారి చూస్తుంది. రాజు ఈ3కు ముందుకు రావడంలోని ఉద్దేశం ఈ4 బంటును కాపాడటమే. తరువాత ఎఫ్4లో చెక్ ఇచ్చిన మంత్రిని రాజు కొట్టలేడు, దానికి ఈ5 బంటు అండగా ఉంది. డీ3కు జరిగినా రాజు ఈ4ను వదలలేదు. అప్పుడు డీ5 అని నలుపు ఆ బంటు మీద మరో బంటును ఉసిగొల్పింది. ఈ4 బంటు పోయాక మంత్రి నాలుగో అడ్డవరుస పొడవునా ఏ4 గుర్రాన్ని చూస్తున్నది కనుక దాన్ని కాపాడటానికి రాజు బీ3కు చేరాడు. ఇలా ఒక్కో రాజు ఎత్తుకూ ఒక కారణం దొరుకుతుంది. తెల్లరాజు పిచ్చిగా పరుగెత్తాడని ఈ ఆట గురించి అనేవారు ఈ విడత చేయనివారే.

ఎనిమిదో ఎత్తు దగ్గర నిదానించండి. నలుపు గుర్రం ఏ6కు వచ్చింది. బెదిరింపు ఏమిటి? మంత్రి బీ4కు వస్తే మేట్. బీ4లోని మంత్రిని రాజు కొట్టలేడు, ఏ6 గుర్రం కాపలా ఉంది. ఏ3, సీ3, సీ4 గడులు మంత్రి అధీనంలో ఉంటాయి. ఏ2, బీ2, సీ2లో సొంత బంట్లు, ఏ4లో సొంత గుర్రం దారి మూసేస్తాయి. ఇప్పుడు తెలుపు ఏం ఆడవచ్చో జాబితా రాయండి. గుర్రాన్ని సీ3కు వెనక్కి తెచ్చి ఈ4 మంత్రినే బెదిరించడం చాలామందికి తోచే ఎత్తు. చూడటానికి చక్కగా ఉంటుంది, కానీ మంత్రి బీ4కు వచ్చి మేట్ చేస్తుంది: గుర్రం ఖాళీ చేసిన ఏ4 గడిని మంత్రి చూస్తున్నది, గుర్రం చేరిన సీ3 గడి రాజుకు లేకుండా పోయింది. మేట్ బెదిరింపు ఎదురుగా ఉన్నప్పుడు మంత్రిని బెదిరించడం జవాబు కాదని ఇంత స్పష్టంగా చూపే స్థితి అరుదు. నిజంగా అడ్డుకునే ఎత్తులు మూడు రకాలు. బీ4 గడిని బంటుతో చూసుకోవడం ఒకటి, ఏ3 గానీ సీ3 గానీ. ఎఫ్1 శకటుతో ఏ6 గుర్రాన్ని కొట్టి మంత్రికి అండ లేకుండా చేయడం మరొకటి. నాలుగో అడ్డవరుసలో మంత్రి దారికి బంటును అడ్డుపెట్టడం మూడోది. ఒక్కోదాన్ని రెండో బోర్డు మీద నాలుగైదు ఎత్తుల లోతు దాకా ఆడి, మీ తీర్పును నోటు పుస్తకంలో రాసుకోండి. హాంపె ఏ3 ఎంచుకున్నాడు. మైట్నర్ మంత్రినే ఏ4లో బలి ఇచ్చాడు.

మంత్రి పోయాక నలుపు బెదిరింపులు చెక్‌ల రూపంలో వచ్చాయి. చెక్ కనబడుతుంది కాబట్టి వాటికి జవాబు వెతకడం కొంత తేలిక. అసలు కష్టం పన్నెండో ఎత్తులో ఉంది. రాజు సీ5 గుర్రాన్ని కొట్టగానే తెలుపుకు ఒక మంత్రి, ఒక శకటు ఎక్కువ. ఆ సమయంలో మైట్నర్ చెక్ ఇవ్వలేదు, ఏ పావునూ కొట్టలేదు, జీ8 గుర్రాన్ని మెల్లగా ఈ7కు జరిపాడు. మంత్రి అంత లోటు ఉండగా చెక్ లేని ఎత్తు ఆడటానికి ఎంత ధైర్యం కావాలో బోర్డు ముందు కూర్చున్నవారికే తెలుస్తుంది. ఆ ఎత్తు బెదిరింపు ఇది: బీ6 చెక్, రాజు బీ5, శకటు డీ7 మేట్. ఈ మేట్‌ను చేతితో సరిచూడండి. రాజు బీ5లో ఉన్నప్పుడు ఏ4 వైపు, సీ6 వైపు గడులు డీ7 శకటు గీతలోనే ఉన్నాయి. ఏ6 గడిని ఏ8 ఏనుగు చూస్తున్నది. బీ4ను ఏ5 బంటు, సీ4ను డీ5 బంటు, సీ5, ఏ5 గడులను బీ6 బంటు కాస్తున్నాయి. బీ6 బంటును కొట్టబోతే సీ7 బంటు అండ ఉంది. మేట్ ఇచ్చే పావు కంటే కదలకుండా కూర్చున్న బంట్లే ఎక్కువ పని చేస్తున్నాయి. ఈ ఒక్క స్థితిని ఎనిమిది గడులనూ వేలితో తాకుతూ సరిచూసిన పిల్లలు మరుసటి రోజు నుంచి మేట్‌లను గుడ్డిగా ప్రకటించడం మానేస్తారు.

దీనికి తెలుపు జవాబు శకటు బీ5 చెక్. నల్లరాజు డీ8కు జరిగాక తిరిగి చూస్తే, బీ5 గడిని సొంత శకటే ఆక్రమించడంతో ఇప్పుడు బీ6 బంటు ఎత్తు ఒక్కటే మేట్: ఈ7 గుర్రం సీ6, డీ5 గడులను చూస్తున్నది, సీ7 బంటు డీ6ను చూస్తున్నది, ఈ5 బంటు డీ4ను చూస్తున్నది. అందుకే 14వ ఎత్తులో హాంపె శకటును సీ6కు పంపాడు. శకటు పోతుంది, నిజమే. కానీ బీ5 గడి ఖాళీ అయింది, రాజుకు ఊపిరి దొరికింది. ఆటలో తెలుపు ఆడిన ఎత్తుల్లో నాకు అన్నిటికంటే నచ్చినది ఇది. దాడి చేసేవారి బలులను అందరూ మెచ్చుకుంటారు. కాచుకునేవారు చేసిన ఈ బలి కూడా అంతే సాహసంతో కూడినది. డ్రా అయిన ఆటలో కాచుకున్నవారి ఎత్తులకు ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. ఓపెనింగ్ (ఆరంభం) పదును ఎంతటిదో కొలవడానికి అవే కొలబద్ద.

మూడో విడత: ముగింపులో పక్కకు తొలగితే

నిరంతర చెక్‌తో, అంటే ఒకరు ఆగకుండా చెక్‌లు ఇస్తూ పోవడంతో, ముగిసిన ఆటను చదివేటప్పుడు చివరి నాలుగు ఎత్తులను ‘ఇక్కడ చెక్‌లు మొదలయ్యాయి’ అని దాటేయడం పెద్ద పొరపాటు. చెక్ పడిన ప్రతిసారీ రాజుకు ఎన్ని దారులున్నాయో లెక్కపెట్టండి.

పదహారో ఎత్తులో శకటు బీ7 నుంచి సీ6 రాజుకు చెక్ ఇచ్చింది. దారులు రెండే: శకటును కొట్టడం, లేదా బీ5కు పోవడం. శకటుకు అండ లేదు కాబట్టి కొట్టేద్దామని అనిపిస్తుంది. కొడితే నల్లరాజు ఒక అడుగు ముందుకు వేసి డీ7లో నిలబడతాడు. చెక్ లేదు, ఏ పావూ పోలేదు, కానీ డీ8 ఖాళీ కావడంతో ఎనిమిదో వరుసలో హెచ్8 ఏనుగుకు బీ8 దాకా దారి తెరుచుకుంది. ఆ ఏనుగు బీ8కు వస్తే మేట్. దానికి ఏ8 ఏనుగు అండ ఉంటుంది, ఏ6, ఏ7 గడులను కూడా ఏ8 ఏనుగే చూస్తుంది, సీ6, సీ7 గడులను నల్లరాజు చూస్తాడు. తెలుపు మంత్రి జీ4 నుంచి చెక్ ఇస్తే రాజు డీ6కు జరుగుతాడు. సీ6, సీ7 గడులపై కాపలా అక్కడి నుంచి కూడా సడలదు. ఆ తరువాత మంత్రిని ఎక్కడ బలి ఇచ్చినా మేట్ ఒక ఎత్తు వెనక్కి జరుగుతుందే తప్ప తప్పదు. బోర్డు మీద తెలుపు సైన్యం అంతా ఉంది. ఒక్క పావూ అందుబాటులో లేదు.

పదిహేడో ఎత్తులో శకటు ఏ6 నుంచి చెక్ ఇచ్చినప్పుడు కూడా దారులు రెండే. శకటును కొట్టలేరు, ఏ8 ఏనుగు కాపలా ఉంది. సీ6కు తిరిగి పోవచ్చు, లేదా ఏ4కు దిగవచ్చు. ఏ4కు దిగితే సొంత శిబిరానికి దగ్గరవుతున్నట్లు అనిపిస్తుంది. అప్పుడు నలుపు శకటును సీ4కు జరుపుతుంది. బీ5 బంటుతో మేట్ బెదిరింపు: బీ3 గడినీ, బీ5 బంటునూ సీ4 శకటు చూస్తుంది, బీ4ను ఏ5 బంటు చూస్తుంది, ఏ5 బంటును ఏ8 ఏనుగు కాస్తుంది, ఏ3లో ఉన్నది తెలుపు సొంత బంటు. తొమ్మిదో ఎత్తులో మేట్‌ను ఆపిన ఆ బంటే ఇక్కడ రాజు వెనుక తలుపు మూసింది. తెలుపుకు ఉన్న ఒక్క ఎత్తులో ఆ శకటును కొట్టగల పావు లేదు, నల్లరాజుకు చెక్ ఇవ్వగల పావు లేదు. మేట్ అయిపోతుంది.

కాబట్టి రెండు సార్లూ రెండు దారుల్లో ఒకటి మేట్‌కు పోతుంది, రెండోది వెనకటి స్థితికి తెస్తుంది. ఇక నలుపు వైపు నుంచి అడగండి: చెక్‌లు ఆపి ఇంకేదైనా ఆడవచ్చు కదా? ఆపితే డీ1లో నిద్రపోతున్న తెలుపు మంత్రికి మొదటిసారి ఒక ఎత్తు దొరుకుతుంది, అంత లోటుతో ఉన్న నలుపు దాన్ని భరించలేదు. ఇద్దరికీ ఈ జవాబు బోర్డు మీద తేలినప్పుడే డ్రా న్యాయమైనదని నోటు పుస్తకంలో రాయండి. తేలకపోతే అక్కడొక ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి. మరో రోజు తాజా మనసుతో చూసేటప్పుడు ఆ ప్రశ్నార్థకమే ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో చెబుతుంది.

ఇంజిన్‌ను ఎప్పుడు తెరవాలి

మూడు విడతలూ అయ్యాకే. స్టాక్‌ఫిష్ లాంటి ఇంజిన్ (ఎత్తులను లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) ఈ ఆట చివరి స్థితిని చూపగానే సున్నా, అంటే ఇద్దరూ సమానం, అని అంకె వేస్తుంది. రెండు వైపులా ఏనుగులు, సమానమైన బంట్లు మిగిలిన ప్రశాంతమైన స్థితికీ అదే అంకె పడుతుంది. ఆ రెండు సున్నాలకూ మధ్య ఉన్న తేడా విద్యార్థికి కావలసినది, అంకె ఒక్కటే దాన్ని చెప్పదు. అందుకు ఇంజిన్‌లో ఒకేసారి మూడు వరుసలు చూపే ఏర్పాటు పెట్టుకోండి. మొదటి వరుస సున్నా, రెండవది ఐదు మైనస్ అయితే ఆ స్థితిలో నిలబెట్టే ఎత్తు ఒక్కటే ఉందని అర్థం. మూడు వరుసలూ దాదాపు సున్నా అయితే ఏది ఆడినా ఫరవాలేదని అర్థం. ఒక్క ఎత్తే నిలబెట్టే స్థితులు ఒక ఆటలో వరుసగా ఎన్ని వచ్చాయో లెక్క పెడితే ఓపెనింగ్ పదును కంటికి కనబడుతుంది. ఇంజిన్‌ను అడగవలసిన ప్రశ్నలను ముందే కాగితం మీద రాసుకుని, అవి అయ్యాక మూసేయండి. తొమ్మిదో ఎత్తు దగ్గర మీరు రాసుకున్న తీర్పులను దానితో పోల్చి చూడటం మొదటి ప్రశ్న కావాలి.

మీ సొంత ఆటలో డ్రాను నిలబెట్టుకోవడం

బోర్డు మీద నిరంతర చెక్ దొరికినంత మాత్రాన అరపాయింటు చేతికి రాదు, నియమం తెలియాలి. జిల్లా స్థాయి పోటీల్లో ఆడే పిల్లలకు ఓపెనింగ్ ఎత్తులు ఇరవై దాకా నోటికి వచ్చినా ఈ నియమం సరిగా రాకపోవడం నన్ను బాధిస్తుంది. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య అయిన ఫిడే నియమావళిలో నిరంతర చెక్‌కు విడిగా నియమం లేదు. అది ఒకే స్థితి మూడుసార్లు రావడం కింద గానీ, ఇద్దరూ ఒప్పుకోవడం కింద గానీ డ్రా అవుతుంది. ఒకే స్థితి అంటే పావులు అవే గడుల్లో ఉండటంతో పాటు, ఎత్తు వంతు అదే ఆటగాడిది కావాలి, కాస్లింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో జరగడం) హక్కులు, ఆన్ పాసాన్ (రెండు గడులు దూకి పక్కన నిలిచిన బంటును బంటుతో కొట్టడం) అవకాశాలు కూడా అవే ఉండాలి. ఆ మూడుసార్లూ వెంటవెంటనే రానక్కర లేదు.

హాంపె, మైట్నర్‌ల ఆటలో శకటు బీ7లో, రాజు సీ6లో ఉన్న స్థితి 16వ ఎత్తు తరువాత మొదటిసారి, 18వ ఎత్తు తరువాత రెండోసారి వచ్చింది. నేటి నియమం ప్రకారం మూడోసారి కోసం 20వ ఎత్తు దాకా ఆడవలసి ఉండేది. ఇలా మీ ఆటలో లెక్కపెట్టేటప్పుడు చెక్‌లను లెక్కపెట్టవద్దు, స్థితులను లెక్కపెట్టండి. మీ తరువాతి ఎత్తుతో మూడోసారి వస్తుందనుకుంటే పావును కదపకుండా, ఆ ఎత్తును స్కోరుషీటు మీద రాసి, గడియారం ఆపి, ఆర్బిటర్‌ను (పోటీ తీర్పరిని) పిలిచి డ్రా క్లెయిమ్ చేయాలి. ముందు ఎత్తు ఆడేసి తరువాత చేయి ఎత్తితే ఆ వంతుకు హక్కు పోతుంది. క్లెయిమ్ తప్పని తేలితే ఎదుటివారికి రెండు నిమిషాలు అదనంగా ఇస్తారు, ఆట కొనసాగుతుంది. అదే స్థితి ఐదుసార్లు వస్తే ఎవరూ అడగకపోయినా ఆర్బిటరే డ్రాగా ముగిస్తారు. మాటతో డ్రా ప్రతిపాదించాలంటే మీ ఎత్తు ఆడి, గడియారం నొక్కకముందు చెప్పి, స్కోరుషీటు మీద సమాన గుర్తు వేయాలి. కొన్ని పోటీల్లో నిర్ణీత సంఖ్యలో ఎత్తులు పూర్తి కాకుండా పరస్పర అంగీకారంతో డ్రా చేసుకోవడం నిషిద్ధం; మొదటి రౌండుకు ముందే నిబంధనల కాగితం చదవండి.

పదునైన ఓపెనింగ్‌ను మీ ఆటలో చేర్చుకునే ముందు మరో సంగతి కూడా తేల్చుకోవాలి. సిసీలియన్ నాయ్‌డార్ఫ్ అనే ఆరంభంలోని విషపు బంటు వేరియేషన్ వంటి వాటిలో ఇద్దరూ సరిగా ఆడితే నిరంతర చెక్‌కు చేరే దారులు బాగా పరిశోధించబడి ఉన్నాయి. నల్లపావులతో తనకంటే ఎంతో బలమైన ఆటగాడిని ఎదుర్కొనేవారికి అటువంటి దారి తెలిసి ఉండటం మేలు. తెల్లపావులతో తప్పక గెలవవలసిన రౌండులో అదే దారిలోకి దిగడం అవివేకం. కనుక మీ ఓపెనింగ్ నోట్సులో డ్రాకు చేరే ప్రతి దారి పక్కనా, ఎవరు ఎక్కడ పక్కకు తొలగవచ్చో, తొలగితే ఎంత ప్రమాదమో ఒక పంక్తి రాసి ఉంచండి.

తరువాత ఏ ఆట

హాంపె, మైట్నర్‌ల ఆటను నోటు చూడకుండా బోర్డు మీద ఆడి, ఎనిమిదో, పన్నెండో, పదహారో ఎత్తుల దగ్గరి బెదిరింపులను మరొకరికి నోటితో వివరించగలిగిన తరువాత ఈ కాలపు ఆటలకు వెళ్లండి. 2018 నవంబరులో లండన్‌లో మాగ్నస్ కార్ల్‌సన్, ఫాబియానో కరువానాల మధ్య జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ పోరులో 12 క్లాసికల్ (ఎక్కువ సమయపు) ఆటలూ డ్రా అయ్యాయి. ర్యాపిడ్ టైబ్రేక్‌లో (విజేతను తేల్చే తక్కువ సమయపు ఆటల్లో) కార్ల్‌సన్ గెలిచాడు. ఆ పన్నెండులో 8, 10, 12 ఆటల్లో కార్ల్‌సన్ నల్లపావులతో సిసీలియన్ స్వెష్నికోవ్ అనే ఆరంభాన్ని ఆడాడు. ముందు పదో ఆటను తీసుకోండి. అందులో తెలుపు మంత్రి పక్షాన బంట్లను తోసుకుపోతుంటే నలుపు రాజు పక్షాన దాడికి సిద్ధమవుతుంది. ఆ ఆట నిరంతర చెక్‌తో ముగియలేదు, పావులు తరిగి ఎండ్‌గేమ్ దాకా వెళ్లింది. అందువల్ల మూడో విడతలో అడగవలసిన ప్రశ్న కొంత మారుతుంది: రాజుకు ఎన్ని దారులున్నాయని కాకుండా, ఏ మార్పిడి దగ్గర ఎవరి దాడి చల్లారిందో వెతకాలి. ప్రతి మార్పిడికి ముందు ఆగి, ఆ పావులను మార్చుకోకుండా ఉంచితే ఏమయ్యేదో రెండో బోర్డు మీద ఆడి చూసి, మీ లెక్కను తేదీతో సహా రాసుకోండి.